క్రాంక్ సెన్సర్ విప్పి బిగించాను, ఇంజన్ స్టార్ట్ కావడం లేదు

ప్రశ్న: నా దగ్గర 2012లో కొన్న పెట్రోలు కారు ఉంది. ఇప్పటికి లక్ష కిలోమీటర్లు దాటింది. ఈ వేసవిలో ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగిపోవడం మొదలైంది. ఒక అరగంట నీడన ఉంచితే మళ్లీ మామూలుగానే స్టార్ట్ అయ్యేది. క్రాంక్ సెన్సర్‌కు మురికి పడితే ఇలా జరుగుతుందని తెలిసినవారు చెప్పారు. ఆదివారం పూట నేనే పది నంబరు స్పానరుతో దాన్ని విప్పి, పెట్రోలుతో కడిగి, కొనను గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగించాను. చెయ్యి దూరడానికి ఎయిర్ ఫిల్టర్ డబ్బాను కూడా ఊడదీయవలసి వచ్చింది. అప్పటి నుంచి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. ఇరవై సార్లు ప్రయత్నించేసరికి బ్యాటరీ నీరసించింది. వచ్చి చూసిన మెకానిక్ ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందని, మార్చడానికి పాతికవేలు దాటుతుందని అంటున్నారు. ఒక సెన్సర్ తీసి పెట్టినంత మాత్రాన ఈసీఎం పోతుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అంత సులువుగా పోదు. అసలే పోదని అనను గాని, శనివారం దాకా పనిచేసిన ఈసీఎం ఆదివారం ఒక్క బోల్టు విప్పినందుకు పోయిందని తేల్చే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. అవన్నీ చూసేదాకా ఆ పాతికవేలు మీ దగ్గరే ఉండనివ్వండి. నడిచే బండి ఒక మరమ్మతు తర్వాత ఆగిపోతే, ఆఖరున చెయ్యి తగిలిన చోటునే ముందుగా అనుమానించాలి. మీ విషయంలో అవి సెన్సర్, దాని కప్లర్ (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), ఎయిర్ ఫిల్టర్ డబ్బా చుట్టుపక్కల ఉన్న వైర్లూ గొట్టాలూ.

ఈ సెన్సర్ లేకపోతే ఇంజన్ ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. కార్బురేటర్ కార్ల రోజుల్లో ఏ ప్లగ్గుకు ఎప్పుడు నిప్పు అందాలో డిస్ట్రిబ్యూటర్ తాను తిరుగుతూ తానే నిర్ణయించేది. ఇప్పటి ఇంజన్లలో ఆ లెక్క ఈసీఎంది. పిస్టన్ ఎక్కడుందో చూడడానికి దానికి కళ్లు లేవు కనుక, క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రాన్ని ఈ సెన్సర్ ద్వారా లెక్కపెట్టుకుంటుంది. చాలా ఇంజన్లలో ఆ చక్రం మీద 60 పళ్లకు చోటుంటుంది, కానీ రెండు పళ్లు కావాలనే తీసేసి 58 మాత్రమే ఉంచుతారు. ఒక్కో పన్ను 6 డిగ్రీల తిరుగుడుకు గుర్తయితే, ఆ ఖాళీ జాగా చుట్టు ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు. అది కనబడనంత వరకు ఈసీఎం ప్లగ్గులకు నిప్పు ఇవ్వదు, ఇంజెక్టర్లను తెరవదు. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు సన్నగా మోగే పెట్రోలు పంపును సైతం ఆపేస్తుంది, ఎందుకంటే ప్రమాదానికి గురై ఇంజన్ ఆగిన కారులో పంపు పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదు. నిప్పూ లేక, పెట్రోలూ లేక ఆగిన ఇటువంటి బండికి ముందు పంపు మార్చి, ఆ తర్వాత కాయిల్ మార్చి, మూడో రోజున సెన్సర్ దగ్గరికి వచ్చే షెడ్లు మనకు కొత్త కాదు.

అన్ని సెన్సర్లూ ఇంత మంకు పట్టవని కూడా ఇక్కడే చెప్పాలి. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ కప్లర్ ఊడినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఎక్కడుందో చెప్పే క్యామ్ సెన్సర్ లేకపోతే కొన్ని ఇంజన్లు కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ తిప్పించుకుని అందుకుంటాయి, కొన్ని అందుకోవు. క్రాంక్ సెన్సర్ లేకుండా మాత్రం దాదాపు ఏ ఇంజనూ కదలదు.

మొదటి పరీక్షకు బానెట్ ఎత్తనక్కర్లేదు. బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి, తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా డ్యాష్ బోర్డు చూడండి. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలగాలి. అదసలు వెలగకపోతే ఈసీఎంకు కరెంటు అందడం లేదన్నమాట, అప్పుడు బానెట్ కిందా డ్యాష్ బోర్డు కిందా ఉన్న ఫ్యూజులు, మెయిన్ రిలే చూడాలి. మీరు విప్పేటప్పుడు తాళం ఆన్‌లో ఉండి, కప్లర్ పిన్నుకు స్పానరు తగిలి ఉంటే ఫ్యూజు కాలడం వింతేమీ కాదు, దానికి ఇరవై రూపాయలు కూడా కాదు. తాళం బొమ్మ లైటు ఆగకుండా మినుకుతుంటే అది సెన్సర్ సంగతి కాదు, మీ తాళం చెవిని బండి గుర్తుపట్టడం లేదు.

పసుపు లైటు వెలిగిందనుకుందాం. ఇప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. ముల్లు సున్నా మీద నుంచి కొంచెం లేచి 200, 250 దగ్గర వణుకుతుంటే క్రాంక్ సిగ్నల్ ఈసీఎంకు చేరుతోందని నమ్మవచ్చు, దోషం ఇంకెక్కడో ఉంది. ముల్లు సున్నాకు అతుక్కుపోయి ఉంటే అనుమానం సెన్సర్ వైపే మొగ్గుతుంది. కొన్ని కార్లలో సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ముల్లును కదలనివ్వరు కాబట్టి దీన్నే తుది తీర్పుగా తీసుకోవద్దు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెట్టించి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు లైవ్ డేటాలో ఆర్‌పీఎం ఎంత చూపుతుందో చూడడమే నమ్మకమైన పద్ధతి. పి 0335 అనే కోడ్ కనిపిస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని అర్థం. సెన్సర్ చెడిందని దాని అర్థం కాదు. కప్లర్ ఊడినా అదే కోడ్, వైరు తెగినా అదే కోడ్. కోడ్ ఏమీ రాలేదు కాబట్టి సెన్సర్ భేషుగ్గా ఉందని అనుకోవడమూ పొరపాటే.

ఇక బానెట్ ఎత్తండి. నా అనుభవంలో ఇటువంటి కేసులు ఎక్కువగా కప్లర్ దగ్గరే తేలిపోతాయి. ఇన్నేళ్లు ఇంజన్ వేడికి కాగిన ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. విప్పేటప్పుడు దాని నాలుక విరిగిపోతే, తిరిగి గుచ్చినప్పుడు లోపలికి వెళ్లినట్టే కనిపించి రెండు మిల్లీమీటర్లు బయటే ఆగిపోతుంది. సరిగా కూర్చున్న కప్లర్ టక్కుమని చప్పుడు చేస్తుంది, చేతికి కూడా తెలుస్తుంది. తాళం ఆఫ్ చేసి, ఊడదీసి, లోపలికి టార్చి వేసి చూడండి. రెండు మూడు పిన్నుల్లో ఒకటి వంగి మూలకు ఆనుకుని ఉందేమో, లేదా కప్లర్‌లోని ఇత్తడి టెర్మినల్ వెనక్కి జారి వైరు వైపు పొడుచుకొచ్చిందేమో గమనించండి. వెనక్కి జారిన టెర్మినల్ పైకి కనిపించదు. మీరు ఎన్నిసార్లు నొక్కినా పిన్ను దాన్ని ముందుకు తోసుకుంటూ పోతుందే గాని పట్టుకోదు. వైరును వెనుక నుంచి సున్నితంగా లాగి చూస్తే దొరికిపోతుంది. మరొక సంగతి, కొన్ని ఇంజన్లలో పక్కపక్కనే ఉన్న రెండు సెన్సర్ల కప్లర్లు అచ్చం ఒకేలా ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేటప్పుడు మీరు ఇంకొక కప్లర్ కూడా ఊడదీసి ఉంటే, అవి తారుమారు కాలేదని వైర్ల రంగులు చూసి నిర్ధారించుకోండి.

తర్వాత సెన్సర్ గూట్లో ఎలా కూర్చుందో చూడాలి. నాకు మీ ఉత్తరంలో కలవరం కలిగించిన మాట ఇక్కడే ఉంది: పెట్రోలుతో కడిగానన్నారు. సెన్సర్ మెడ చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాతబడిన రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బితే గూట్లోకి పూర్తిగా దిగదు. అప్పుడు మనం బోల్టు బిగించి దాన్ని బలవంతంగా దించుతాం, బోల్టు ఉన్న వైపు దిగి, రెండో వైపు లేచి ఉంటుంది. సెన్సర్ కొనకూ పళ్ల చక్రానికీ మధ్య ఉండవలసిన ఎడం చాలా బండ్లలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. అందులో సగం మిల్లీమీటరు పెరిగినా తేడా వస్తుంది. ముఖ్యంగా రెండు వైర్ల సెన్సర్ అయస్కాంతంతో తనంతట తానే కరెంటు పుట్టించుకునే రకం కాబట్టి, చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే సిగ్నల్ అంత బలహీనంగా ఉంటుంది. ఇంజన్ 2,000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు పట్టింపు లేని ఆ ఎడం, సెల్ఫ్ మీద 200 తిరుగుతున్నప్పుడు సిగ్నల్‌ను మింగేస్తుంది. బోల్టు పెట్టకుండానే వేళ్లతో నొక్కితే సెన్సర్ చెవి (బోల్టు పట్టే రెక్క) ఇంజన్ బాడీకి చదునుగా ఆనాలి. ఆనకపోతే కొత్త రింగు వేసి, దానికి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాసి దించండి. చెవికి పగులు ఉందేమో కూడా చూడండి.

గరుకు కాగితంతో రుద్దడం అనవసరమైన పని. కొన మీద అయస్కాంతానికి పట్టుకుని ఇనుప రజను సన్నటి మీసాల్లా నిలబడి ఉంటే, దాన్ని గుడ్డతో తుడిచేయడమే కావలసింది. దాని మీద ఉన్న ప్లాస్టిక్ పొరను అరగదీస్తే లోపలికి నూనె చెమ్మ చేరే దారి ఏర్పడుతుంది. ఒకసారి మళ్లీ విప్పి, కొన మీద లోతైన గీతలు ఉన్నాయో లేదో చూసుకోండి. గూట్లోకి కూడా టార్చి వేసి, చక్రం పళ్లలో ఏదైనా వంగి ఉందేమో చూడండి.

ఇవన్నీ సరిగా ఉంటే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోవచ్చు. ముందు వైర్లు లెక్కపెట్టండి. రెండు వైర్లే ఉంటే, కప్లర్ తీసి సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. బండిని బట్టి కొన్ని వందల ఓమ్‌ల నుంచి వెయ్యికి కాస్త పైదాకా ఉండాలి. మీటరు అనంతం చూపితే లోపలి తీగ తెగింది, సున్నాకు దగ్గరగా చూపితే లోపల కలిసిపోయింది. మూడు వైర్లుంటే అది చాలా మటుకు హాల్ రకం సెన్సర్ (బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసేది), దాన్ని ఓమ్‌లతో కొలవకూడదు. తాళం ఆన్ చేసి, కప్లర్ వైపు ఒక టెర్మినల్‌లో 5 లేదా 12 ఓల్టులు, మరొక దాంట్లో మంచి ఎర్త్ వస్తున్నాయో లేదో చూడాలి. 5 ఓల్టులు రావలసిన చోట రాకపోతే అప్పుడే ఈసీఎం అని కేకలు వేయకండి. ఆ 5 ఓల్టుల లైను అనేక బండ్లలో మూడు నాలుగు సెన్సర్లకు ఉమ్మడిది. వాటిలో ఏ ఒక్కటి ఎర్త్‌కు కలిసినా మొత్తం లైను పడిపోతుంది. మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా తీస్తూ మీటరు చూస్తుంటే, అసలు దొంగ కప్లర్ తీసిన క్షణాన 5 ఓల్టులు లేచి నిలబడతాయి. ఈసీఎం మార్చమన్న వారిని, ఈ పరీక్ష చేశారా అని మర్యాదగా అడగండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర ఒక్క చూపు చాలు: దాని గొట్టం పూర్తిగా ఎక్కిందా, డబ్బా కింద ఏ వైరైనా నలిగిందా, అక్కడ విప్పిన ఎర్త్ వైరు మళ్లీ బిగించారా?

ఇంతకీ మీరు సెన్సర్‌ను అనుమానించడం తప్పేమీ కాదు. వేడెక్కినప్పుడు ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ కావడం క్రాంక్ సెన్సర్ ముసలిదవుతోందనడానికి పాత లక్షణమే. లోపలి సన్నటి తీగలో బీటిక ఉంటే, వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారాక కలుస్తుంది. ఇది కడిగితే పోయే జబ్బు కాదు. రెండు వైర్ల సెన్సర్ అయితే దాన్ని బయట బల్ల మీద పెట్టి, మీటరు తగిలించి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఐదు నిమిషాలు వేడి చేయండి. ఓమ్‌లు కొద్దిగా పెరగడం సహజం, ఒక్కసారిగా అనంతానికి ఎగిరితే మాత్రం కొత్తది కొనవలసిందే. కొనేటప్పుడు కంపెనీ భాగమే కొనండి. నకిలీ సెన్సర్లలో కొన పొడవు అర మిల్లీమీటరు తేడా ఉన్నా, పైన చెప్పిన ఎడం గొడవ మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక ఇరవై సార్లు సెల్ఫ్ కొట్టడం గురించి. ఐదారు సెకన్లకు మించి ఒక్కసారిగా కొట్టకూడదు, మధ్యలో అర నిమిషం ఆగాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోయి ఖర్చు ఇంకో దారిలో వస్తుంది. చార్జి నిండిన బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది పదికి బాగా కిందికి పడిపోతుంటే, సెన్సర్ బాగున్నా ఇంజన్ నెమ్మదిగా తిరిగి సిగ్నల్ చాలదు. సిగ్నల్ వచ్చీ పోతూ ఉండి ఉంటే ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉండవచ్చు. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే, ఇంజెక్షన్ కార్లలో చాలా వాటిలో ఈసీఎం పెట్రోలు ఆపి గాలి మాత్రమే పంపుతుంది, ప్లగ్గులు ఆరుతాయి.

ప్రశ్న: రేడియేటర్ దగ్గర నీళ్లు కారుతుంటే మా ఊరి మెకానిక్ టెంపరేచర్ సెన్సర్ తీసి, దాని చూడికి (మరలకు) తెల్లటి టేపు చుట్టి మళ్లీ బిగించారు. అప్పటి నుంచి ఉదయం పూట ఎంత కొట్టినా బండి స్టార్ట్ కావడం లేదు, పెట్రోలు వాసన వస్తోంది. తాళం తిప్పగానే ఫ్యాను దానంతటదే తిరుగుతోంది.
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ ఫ్యానే జవాబు చెబుతోంది. చల్లటి ఇంజన్ మీద తాళం తిప్పగానే ఫ్యాను తిరుగుతోందంటే, టెంపరేచర్ ఎంతో తెలియక ఈసీఎం ముందు జాగ్రత్తగా దాన్ని తిప్పుతోంది. ఈ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఓమ్‌లు, వేడెక్కితే తక్కువ ఓమ్‌లు చూపుతుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టూ ఉంటుంది. కప్లర్ అందకపోతే లెక్కకు అందనన్ని ఓమ్‌లు కనిపించి, బయట గడ్డ కట్టే చలి ఉందని ఈసీఎం భ్రమపడవచ్చు. ఆ భ్రమలో వరంగల్ ఎండాకాలపు ఉదయాన కూడా మంచు ప్రదేశంలో పోసినంత పెట్రోలు పోస్తుంది, ప్లగ్గులు తడుస్తాయి, మీకు వాసన వస్తుంది. స్కానర్‌లో పి 0118 వస్తే ఇదే సంగతి అని దాదాపు రూఢి చేసుకోవచ్చు.

రెండు వైర్ల సెన్సర్ అయితే టేపుకు దోషం లేదు, కప్లర్ చూడాలి. ఒకే వైరు ఉన్న సెన్సర్ అయితే దానికి ఎర్త్ ఇంజన్ బాడీ నుంచే, చూడి ద్వారానే అందుతుంది. దట్టంగా చుట్టిన టేపు ఆ దారిని మూసేస్తుంది. కొన్ని బండ్లలో మీటరు ముల్లుకు ఒక సెన్సర్, ఈసీఎంకు మరొక సెన్సర్ వేరువేరుగా ఉంటాయి గనుక, డ్యాష్ బోర్డు మీద ముల్లు సరిగా చూపుతోందని ఊరట పడవద్దు. సెన్సర్ తీసినప్పుడు కొంత కూలంట్ పోయి ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి మట్టం సరిచూడండి.

ప్రశ్న: నాది కామన్ రైల్ డీజిల్ బండి. పికప్ తగ్గిందని రైలు (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) మీద ఉన్న ప్రెషర్ సెన్సర్ విప్పి తుడిచి బిగించాను. ఇప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది గాని స్టార్ట్ కాదు. సెన్సర్ దగ్గర డీజిల్ చెమ్మ కనిపిస్తోంది. ఇంకా గట్టిగా బిగించమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బిగించవద్దు, సెల్ఫ్ కూడా కొట్టవద్దు. నడుస్తున్న డీజిల్ ఇంజన్‌లో ఆ రైలు లోపల 1,000 బార్లకు పైన ఒత్తిడి ఉంటుంది, మన టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. అక్కడ నుంచి చిమ్మే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. చిన్న సూది గుచ్చుకున్నట్టే కనిపించినా, అది వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయం. కారుతున్న చోటు ఎక్కడో వేలు పెట్టి వెతకడం ఎప్పుడూ చేయకూడదు.

ఇంజన్ స్టార్ట్ కావాలంటే సెల్ఫ్ మీద తిరుగుతుండగానే రైలులో కొన్ని వందల బార్ల ఒత్తిడి లేచి, అది లేచిందని సెన్సర్ ఈసీఎంకు చెప్పాలి. మీ దగ్గర చెమ్మ ఉందంటే ఒత్తిడి లేవడం లేదు, పైగా విప్పినప్పుడు గాలి కూడా దూరి ఉంటుంది. ఆ సెన్సర్ లోహం మీద లోహం ఒరుసుకుని సీలు పడే రకం కావచ్చు, దాని అంచు మీద ఇసుక రేణువంత మురికి ఉన్నా సీలు పడదు, ఎక్కువ బిగిస్తే రైలు చూడి చెడి మొత్తం రైలు మార్చవలసి వస్తుంది. బండిని లాగించుకుని డీజిల్ పని తెలిసిన చోటికి తీసుకెళ్లండి. సెన్సర్ తీసినట్టు, ఎంత బిగించారో మీకే తెలియనట్టు వాళ్లకు దాచకుండా చెప్పండి. లేకపోతే వాళ్లు ఇంజెక్టర్ల నుంచి మొదలుపెడతారు.